మాటకి గుప్పెడు కవళ్ళు

గ్రీకు మాటలు నేర్పమంటే
మాటకి గుప్పెడు కవళ్ళు అడిగాడు కారయ్య మావ.
ఆర్యపల్లి ఇసకలో, బోర్లించిన నావ నీడన బడి.
పద్దెనిమిదేళ్ళు గ్రీకు ఓడల్లో వంట చేసిన మనిషి.
నాకు ఓడ ఉద్యోగం ఖాయమన్నాడు బరంపురం ఏజెంటు.
సగం డబ్బు కట్టేశాను,
మిగతా సగం ఇంకా సముద్రంలోనే ఈదుతోంది.

రాసుకో, అన్నాడు.
నా చదువు ఒడియాలో, తిట్లు తెలుగులో.
ఏ అక్షరాల్లో రాయను మావా?
పుల్ల తీసుకుని తనే గీశాడు:
అటు తిరిగిపోయిన మూడు అంకె,
తెడ్డుకి ఆనుకుని నిలబడ్డ మనిషి,
తోక విప్పిన చేప.

ఎలా.

నవ్వొచ్చింది. ఇది మనదే కదా.
"మనది కాదు. అక్కడ దీనర్థం, రా."

మొదటి ఓడలో, మొదటి రోజు
పైనుంచి బోసన్ పనయోతిస్ ఎలా, ఎలా అని అరిచాడట.
ఎంత మంచివాడో, అడుగుతున్నాడు అనుకుని ఈయన
"బాగున్నానండీ, కడుపులో కాస్త తిప్పుతోంది" అని
దణ్ణం పెట్టి అక్కడే నిలబడ్డాడట.
కొక్కెం నుంచి పెట్టె జారింది.
గోరు లేని బొటనవేలు చూపించి
"పాఠం ఇదీ" అన్నాడు.

రెండో రోజు, ఫోను.
ఎత్తగానే హలో కాదు, ఎలా.
ఫోన్లోంచి ఎక్కడికి రమ్మంటారు మావా?
"ఎక్కడికీ కాదురా. వచ్చావుగా, చెప్పు, అని."
మూడో రోజు, నమ్మలేని మాటకి:
లా ని సాగదీసి, కనుబొమలు ఎత్తాలి.
నాలుగో రోజు, ఏడిచేవాడికి:
వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా, రెండుసార్లు.
ఐదో రోజు పక్కన రే చేర్చాడు. ఎలా రే.
వాళ్ళకీ రే ఉందా?
"ఉంది. స్నేహితుడికీ, కొట్టబోయేవాడికీ
ఒకటే రే. మనకి లాగే."

పదకొండు రోజులు, అదే మాట.
కవళ్ళు మాత్రం రోజూ కొత్తవి.
అన్నం చెప్పవు, నీళ్ళు చెప్పవు, జీతం చెప్పవు,
ఇదొక్కటీ పట్టుకుని నేనేం చేసుకోను?
"అన్నానికి నోరు చూపించు. జీతానికి వేళ్ళు ఉన్నాయి.
నడిరాత్రి, సముద్రం మీద
చెయ్యి ఊపి పిలిస్తే ఎవడికి కనబడుతుందిరా?"

పన్నెండో రోజు విశాఖలో కళ్ళ పరీక్ష.
చుక్కల్లో అంకె ఉందట. నాకన్నీ చుక్కలే.
ఎరుపూ పచ్చా నా కళ్ళకి ఒకటేనట.
ఇరవై నాలుగేళ్ళు ఎవరూ చెప్పలేదు,
పండుమిరపో పచ్చిమిరపో
నేనెప్పుడూ కొరికే తేల్చుకున్నాను.
కుడి దీపమేదో ఎడమ దీపమేదో తెలియనివాడు
ఓడకి పనికిరాడన్నారు.
కట్టిన సగంలో సగం తిరిగొచ్చింది.
మాట ఒక్కటే పూర్తిగా నా దగ్గర ఉండిపోయింది.

పెద్దవల లాగేటప్పుడు ఎలా రే అని అరుస్తాను.
మొదట్లో నవ్వారు. ఇప్పుడు అవతలి తాడు వాళ్ళూ అందుకుంటారు.
మొన్న బల్లయ్య మనవడు, మూడేళ్ళు నిండలేదు,
కుక్కని అలాగే పిలిచాడు.
కుక్క వచ్చింది.

నిన్న రాత్రి తెలియని నంబరు.
ఎత్తి, అలవాటున, ఎలా అన్నాను.
అటు కాసేపు ఏమీ లేదు, ఫ్యాను చప్పుడు తప్ప.
తర్వాత ఒక ఆడగొంతు, తెలుగే, పర్లాకిమిడి వైపు యాస:
"ఏం బాగోలేదన్నా."

రాంగ్ నంబరమ్మా, అనాలి.
నోటిదాకా వచ్చింది కూడా.
నాలుగో రోజు పాఠం అడ్డొచ్చింది.
ఫోనుకి వీపు ఉండదు, చెయ్యి ఎక్కడ వేస్తాం.
అయినా మెల్లగా, రెండుసార్లు అన్నాను.
ఎలా.
ఎలా.

ఆమె మొదటినుంచీ చెప్పుకొచ్చింది.